సగం ధరకు వచ్చేవాళ్లు నిలుస్తారా?

పేరూ ఊరూ వేయవద్దని కోరిన ఒక పాఠకురాలి సుదీర్ఘమైన ఉత్తరానికి ఇది సారాంశం. నాలుగేళ్ల కిందట ఆమె, ఆమె మరిది కలిసి జిమ్ పెట్టారు. పెట్టుబడిలో సగానికి పైగా ఆమె దాచుకున్న సొమ్ము. మిగతాది ఆమె పేరు మీదే తీసుకున్న బ్యాంకు అప్పు. మరిది ఉద్యోగం మానేసి రోజంతా జిమ్‌లోనే ఉంటాడు, ట్రైనర్లను, మెషీన్లను చూసుకుంటాడు. లెక్కలూ వసూళ్లూ ఆమెవి. ఇప్పుడు 180 మంది సభ్యులున్నారు. 120 మంది ఏడాది ఫీజు ఒకేసారి కట్టారు, 60 మంది నెలనెలా కడుతున్నారు. జనవరిలో ఖాతా నిండుతుంది, ఆగస్టు వచ్చేసరికి జీతాలకు చేబదులు వెతుక్కోవాలి. ఐదు నెలల కిందట దగ్గర్లోనే మరో పెద్ద జిమ్ వచ్చింది, ఏడాది ఫీజు సగానికే ఇస్తోంది. మనమూ సగం చేద్దాం, రాయితీ కూపన్లు అమ్మే డీల్స్ యాప్‌లో కూడా పెడదాం అని మరిది పట్టుబట్టాడు. ఆమె వద్దంటే, "నీకు లెక్కలు తెలుసు గానీ వ్యాపారం తెలియదు వదినా" అన్నాడు, అదీ ట్రైనర్ల ముందు. భర్తను అడిగితే "మీరిద్దరే తేల్చుకోండి" అంటున్నారు. మూడు వారాలుగా వదినా మరుదుల మధ్య మాటల్లేవు. "ఒప్పుకోవాలా, విడిపోవాలా?" అన్నది ఆమె ప్రశ్న.

మీ ఉత్తరంలో ధర గొడవ ఒకటి, మర్యాద గొడవ ఒకటి ఉన్నాయి. రెండూ ఒకేరోజు జరగడంతో ముడిపడిపోయాయి. ట్రైనర్ల ముందు ఆ మాట అనకుండా ఉంటే "విడిపోవాలా" అన్న ప్రశ్న మీకు వచ్చేదే కాదేమో. అందుకే ముందు ధర సంగతి చూద్దాం. అది తేలితే రెండోది సగం చల్లబడుతుంది.

మీరు అంకెలన్నీ పంపడం మంచిదైంది. మిమ్మల్ని ఎవరూ గుర్తుపట్టకుండా మీ నెల ఫీజును 100 అనుకుని మిగతావన్నీ ఆ లెక్కలోకి మార్చాను. ఏడాది ఫీజు 900, అంటే నెలకు 75. ఏడాదివాళ్లు 120 మందీ నెలకు 9,000 ఇస్తున్నట్టు, నెలవాళ్లు 60 మందీ 6,000 ఇస్తున్నట్టు. మొత్తం 15,000. ఖర్చులు చూస్తే అద్దె 5,000, జీతాలు 4,500, బ్యాంకు వాయిదా 2,500, కరెంటు, మరమ్మతులు 1,500. మొత్తం 13,500. నెలకు మిగిలేది 1,500.

ఇప్పుడు ఏడాది ఫీజును 450 చేశారనుకోండి. నెలకు 37.50 పడుతుంది. ఉన్న 120 మందిలో ఒక్కరూ మానకుండా కొత్త ధరకే కొనసాగుతారని మీ మరిదికి అనుకూలంగానే లెక్క వేద్దాం. వాళ్ల నుంచి వచ్చేది 9,000 కాదు, 4,500. నెలకు 100 కట్టేవాళ్లు పక్కవాడికి 37.50 పడుతోందని తెలిశాక ఊరుకోరు. కనీసం సగం మంది అటు మారతారు. ఆ 30 మంది నుంచి 1,125, పాత పద్ధతిలోనే ఉన్న 30 మంది నుంచి 3,000. అన్నీ కలిపి 8,625. ఖర్చు మాత్రం అదే 13,500. నెలకు 4,875 లోటు. దాన్ని పూడ్చాలంటే 37.50 చొప్పున 130 మంది కొత్తవాళ్లు చేరాలి. ఇప్పుడున్నంత మిగులు మళ్లీ చూడాలంటే 170 మంది. మొత్తం 350 మందితో, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు ఆ నాలుగు ట్రెడ్‌మిల్స్ దగ్గర పరిస్థితి ఎలా ఉంటుందో నాకంటే మీ మరిదికే బాగా తెలుసు.

అయినా ఈ ఆఫర్ అతనికి ఎందుకంత ఆశగా కనిపిస్తోందో అర్థం చేసుకోవాలి. ఒక నెలలో 100 మంది చేరితే 45,000 ఒక్కసారిగా చేతికొస్తుంది. అంటే మూడు నెలల పైచిలుకు ఖర్చు. ఖాళీ హాల్లో రోజంతా నిలబడే మనిషికి అది ఊపిరి పోసినట్టే ఉంటుంది. నాలుగో నెల నుంచి పన్నెండో నెల దాకా ఆ వంద మందికీ మెషీన్లు, ఏసీ, ట్రైనర్ల సమయం ఇస్తూనే ఉండాలి, వాళ్ల నుంచి మాత్రం పైసా రాదు. అప్పుడు చేతిలో డబ్బు లేక ఇంకో ఆఫర్ పెట్టాల్సి వస్తుంది, ఈసారి ఇంకా తక్కువకు. ఏడాది ఫీజుల మీద నడిచే వ్యాపారాలు మునిగేది సాధారణంగా ఇక్కడే.

మీ వైపు లెక్కలోనూ ఒక పెద్ద లోపం ఉంది, అది చెప్పకపోతే న్యాయం కాదు. ఏడాది ఫీజు అందిన రోజునే దాన్ని ఆదాయంగా రాస్తున్నారు. జనవరి లాభంగా, ఆగస్టు నష్టంగా కనిపించడానికి కారణం అదే. నిజానికి ఆ 900లో జనవరి మీకు సంపాదించి పెట్టింది 75 మాత్రమే. మిగతా 825 సభ్యులకు మీరు ఉన్న బాకీ, సేవ రూపంలో తీర్చాల్సింది. 120 మందికీ సగటున ఆరు నెలల గడువు మిగిలి ఉందనుకుంటే ఆ బాకీ 54,000, అంటే మీ నాలుగు నెలల ఖర్చు. ఇవాళ మీ ఖాతాలో అంత లేకపోతే, రేపటి సభ్యుల డబ్బుతో నిన్నటి సభ్యులకు సేవ చేస్తున్నారన్నమాట. ధర తగ్గించకుండానే ఈ చిక్కులో ఉన్నారు. తగ్గిస్తే అది ఇంకా బిగుసుకుంటుంది, కానీ "ధర తగ్గించవద్దు" అన్నంత మాత్రాన వదలదు. జనం రావాలి అని అతను అనడంలో తప్పు లేదు. ఎంతకు వస్తున్నారో చూడాలి అని మీరు అనడంలోనూ లేదు.

ఇక మీ ముందున్న దారులు.

మొదటిది, అతను కోరిన ఆఫర్‌ను కుదించి పెట్టడం. ఏడాదంతా సగం ధర ఇవ్వకుండా, కొత్తవాళ్లకు మొదటి నెల మాత్రమే 50కి ఇచ్చి రెండో నెల నుంచి 100 తీసుకోవచ్చు. 30 మందికే, ఈ తేదీ వరకే అని ముందే రాసి పెట్టండి. గత మూడు నెలల్లో పోస్టర్లకు, ఆన్‌లైన్ ప్రకటనలకు కలిపి 2,700 ఖర్చు పెడితే 18 మంది చేరారని రాశారు. అంటే ఒక్కొక్కరిని తీసుకురావడానికి 150 అయింది. మొదటి నెలలో 50 వదులుకోవడం దానికంటే చవక. ఇందులో చెడే చోటు ఒకటే. రెండో నెల ధర చేరే రోజునే నోటితో చెప్పి, రసీదు మీద రాసి ఇవ్వకపోతే, నెల తిరిగాక "అప్పుడు 50 అన్నారుగా" అన్న వాదన మొదలవుతుంది. 30 మందిలో కనీసం 15 మంది మూడో నెలలో పూర్తి ఫీజు కట్టకపోతే ఈ ఆఫర్ మీకు పనికిరాదనే లెక్క.

డీల్స్ యాప్ విషయంలో మాత్రం నాకు భయం ఎక్కువ. సగం ధరకు అమ్మి, వచ్చినదాంట్లో యాప్ సగం తీసుకుంటే, మీ 900 కాస్తా 225 అవుతుంది, నెలకు 19 కూడా పడదు. ఒప్పందంలో యాప్ వాటా ఎంతో చదవకుండా సంతకం పెట్టకండి. అమెరికాలో గ్రూపాన్ అనే డీల్స్ సైట్ జోరు మీద ఉన్న 2010లో, రైస్ యూనివర్సిటీకి చెందిన ఉత్పల్ ధోలకియా ఆ డీల్స్ పెట్టిన 150 వ్యాపారాలను పరిశీలించారు. మూడింట రెండు వంతుల మందికి లాభమే వచ్చింది, 32 శాతం మందికి రాలేదు. మళ్లీ పెట్టబోమన్నవాళ్లు 40 శాతానికి పైనే. కాబట్టి యాప్ ఎవరికీ పనికిరాదని చెప్పలేం. తప్పదనుకుంటే అందులో ఏడాది ప్యాకేజీ పెట్టకండి. పదిసార్లు వచ్చే పాస్ పెట్టండి, కొత్తవాళ్లకు మాత్రమే, పగటి వేళల్లో మాత్రమే, ఇన్ని మాత్రమే అని హద్దులు గీయండి.

రెండో దారి, ఖాళీగా ఉన్న గంటలను అమ్మడం. నాకు దీని మీద నమ్మకం ఎక్కువ. పది నుంచి నాలుగు దాకా మీ హాలు దాదాపు ఖాళీ అని రాశారు. ఆ ఆరు గంటలకూ అద్దె కడుతూనే ఉన్నారు, ట్రైనర్ ఉంటూనే ఉన్నాడు. అక్కడ 50కి ఒక సభ్యత్వం ఇస్తే కరెంటు తప్ప కొత్త ఖర్చు లేదు, సాయంత్రం ధర మీద దెబ్బా పడదు. రాత్రి షిఫ్టులు చేసేవాళ్లు, రిటైరైనవాళ్లు, పిల్లలు బడికి వెళ్లాక తీరిక దొరికే తల్లులు దీనికి సరిపోతారు. ఈ పథకం ఎక్కడ పాడవుతుందంటే, పగటి సభ్యుడు ఒకరోజు సాయంత్రం ఆరున్నరకు వచ్చి "ఈ ఒక్కరోజుకే" అంటాడు. ట్రైనర్ మొహమాటానికి ఒప్పుకుంటాడు. నెల తిరిగేసరికి అందరూ 50 సభ్యులే. హాజరు మెషీన్‌లోనే వేళలు బిగించండి, సాయంత్రం రావాలనుకునేవాళ్లకు ఒకరోజు రుసుము విడిగా పెట్టండి. 25 మంది కొత్తవాళ్లు చేరి, పాతవాళ్లలో ఐదుగురు ఇటు మారినా నెలకు నికరంగా 1,000 పెరుగుతుంది.

మూడోది ఉన్నవాళ్లను నిలుపుకోవడం. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో పెద్ద చిల్లు ఇక్కడే ఉంది, మీ ఇద్దరిలో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. నెలవాళ్లు 60 మందిలో నెలకు ఆరుగురు మానేస్తున్నారు. అంటే పది శాతం. ఇదే వేగంతో సాగితే ఒక సభ్యుడు సగటున పది నెలలుంటాడు, మీకు 1,000 ఇస్తాడు. ఆ ఆరుగురిని ముగ్గురికి తగ్గించగలిగితే సగటు ఇరవై నెలలవుతుంది, అదే మనిషి 2,000 ఇస్తాడు. ధర పెంచనక్కర్లేదు, ప్రకటన ఇవ్వనక్కర్లేదు. ఏడాదివాళ్లలో పది మందికి ముగ్గురే మళ్లీ కట్టారన్న మీ లెక్క ఇంకా కలవరపెట్టేది.

ఏడాది ఫీజు ఒకేసారి తీసుకుంటే మనిషి కట్టుబడి ఉంటాడని చాలామంది జిమ్ యజమానులు అనుకుంటారు. జరిగేది వేరు. జాన్ గోర్విల్, దిలీప్ సోమన్ అనే పరిశోధకులు 2002లో రాసిన ఒక వ్యాసంలో ఒక హెల్త్ క్లబ్ సభ్యుల హాజరు చూపించారు. ఏడాదికి ఒకేసారి కట్టినవాళ్లు కట్టిన కొత్తలో బాగా వచ్చి తర్వాత తగ్గిపోయారు. నెలనెలా కట్టినవాళ్ల రాక ఏడాది పొడుగునా నిలకడగా ఉంది. డబ్బు కట్టిన బాధ తాజాగా ఉన్నప్పుడే దాన్ని రాబట్టుకోవాలని ఉంటుంది. రాకుండా పోయినవాడు మళ్లీ కట్టడు. సభ్యులు తమ రాకను తామే ఎక్కువగా ఊహించుకుంటారు కూడా. డెల్లావిన్యా, మాల్మెండియర్ 2006లో ప్రచురించిన పరిశోధనలో, అమెరికా క్లబ్బుల్లో నెలకు 70 డాలర్లకు పైగా కట్టినవాళ్లు సగటున నెలకు నాలుగుసార్లకు కాస్త ఎక్కువగా మాత్రమే వచ్చారు. ఒక్కో రాకకు 17 డాలర్లకు పైగా పడింది, పదిసార్ల పాస్ కొనుక్కుంటే 10 డాలర్లే అయ్యేది. రాని సభ్యుల డబ్బుతో బతకవచ్చని కొందరు దీన్నుంచి పాఠం తీసుకుంటారు. ఎప్పుడూ కొత్తవాళ్లు దొరికే పెద్ద సంస్థలకు అది చెల్లుతుందేమో. ఒక్క పేట మీద ఆధారపడిన మీకు, మానేసిన ప్రతి మనిషీ "డబ్బు దండగ" అని నలుగురికి చెప్పే మనిషి.

చేయాల్సింది ఇది. చేరిన రోజున కొలతలు తీసి, మూడే మూడు వ్యాయామాలు రాసిచ్చి, మళ్లీ ఏ రోజు ఎన్నింటికి వస్తారో అడిగి కార్డు మీద రాయండి. మొదటి నెలకు పన్నెండు గళ్ల హాజరు కార్డు పెట్టి, రెండు గళ్లకు ముందే ముద్ర వేసివ్వండి. చిన్న కిటుకే గానీ పనిచేస్తుంది: న్యూన్స్, డ్రెజ్ అనే పరిశోధకులు ఒక కార్ వాష్ దగ్గర ఇది చేసి చూశారు. ఎనిమిది గళ్ల ఖాళీ కార్డు ఇచ్చినవాళ్లలో 19 శాతం పూర్తి చేస్తే, పది గళ్లలో రెండు ముందే నింపి ఇచ్చినవాళ్లలో 34 శాతం పూర్తి చేశారు. రెండింటిలోనూ కావాల్సిన ముద్రలు ఎనిమిదే.

ప్రతి సోమవారం వారం రోజులుగా రాని వాళ్ల జాబితా తీయండి. రోజుకు ఐదుగురికి ట్రైనరే ఫోన్ చేయాలి, మెసేజ్ చాలదు. "ఎందుకు రావడం లేదు?" అని అడగకూడదు. తప్పు చేసినట్టు అనిపించి ఫోన్ పెట్టేస్తారు. "మోకాలి నొప్పి తగ్గిందా? రేపు ఏడింటికి నేనుంటాను, వస్తారా?" అని అడగాలి. మూడు వారాలు దాటాక ఫోన్ చేస్తే లాభం తక్కువ, అప్పటికే మనసులో మానేసి ఉంటారు.

ఏడాది ప్యాకేజీని మాత్రం ఒక్కసారిగా ఎత్తేయకండి. జేసీ పెన్నీ అనే అమెరికన్ స్టోర్ల సంస్థ 2012లో కూపన్లు, సేల్స్ ఆపేసి రోజూ ఒకే సరసమైన ధర అని ప్రకటించింది. ఆ ఏడాది అమ్మకాలు దాదాపు నాలుగో వంతు పడిపోయాయి, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో సీఈఓ వెళ్లిపోయారు. ఆఫర్లకు అలవాటు పడినవాళ్లకు అవి లేని రోజు ధర పెరిగినట్టే అనిపిస్తుంది. మీరు కొత్తవాళ్లకు ముందుగా నెల ఫీజు, మూడు నెలలకు 270 ప్యాకేజీ చూపించండి. ఏడాది ప్యాకేజీని కొత్తవాళ్లకు 1,000 చేయండి. పాతవాళ్లకు ఒక్కసారి 900కే రెన్యువల్ ఇవ్వండి. దీనివల్ల వచ్చే జనవరిలో మీ ఖాతా ఎప్పటికన్నా బోసిగా కనిపిస్తుంది. ఆ రెండు మూడు నెలలు గట్టెక్కడానికి ముందే సిద్ధపడాలి, లేకపోతే ఫిబ్రవరిలో కంగారుపడి మళ్లీ సగం ధర బోర్డు పెడతారు.

నాలుగో దారిని క్లుప్తంగా చెబుతాను. ఆరుగురితో చిన్న బ్యాచ్ పెట్టి, మామూలు ఫీజు మీద తలా 120 అదనంగా తీసుకుని, అందులో సగం ట్రైనర్‌కు ఇస్తే బ్యాచ్‌కు 360 మిగులుతుంది. నాలుగు బ్యాచ్‌లు నిండితే 1,440, అంటే మీ ఇప్పటి మిగులుకు దాదాపు సమానం. ట్రైనర్ వెళ్లిపోతే బ్యాచ్ కూడా వెంట వెళ్లిపోతుంది, అదే ముప్పు. ఒకే బ్యాచ్‌ను ఇద్దరు ట్రైనర్లు వారం విడిచి వారం చూసేలా పెట్టండి.

ఏ దారి పట్టినా, ఎవరు ఎలా తెలిసి వచ్చారో, ఫోన్ చేసినవాళ్లలో ఎందరు చూడ్డానికి వచ్చారో, ఎందరు చేరారో ఒక పుస్తకంలో రాయండి. ఫోన్లు వంద వచ్చి మనుషులు ఇరవై మందే వస్తే ప్రకటన తప్పు కాదు, ఫోన్ ఎత్తే తీరు తప్పు. గూగుల్ మ్యాప్స్‌లో వేళలు, ఫోన్ నంబరు, ఈమధ్య తీసిన ఫొటోలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి. రివ్యూలు అడగండి, వాటికి బదులుగా ఏమీ ఇవ్వకండి. గూగుల్ నిబంధనలు ఒప్పుకోవు.

ఇప్పుడు మీ మరిది సంగతి. ఇంట్లో కాకుండా, జిమ్‌లోనూ కాకుండా వేరేచోట కూర్చోండి. ఆ రోజు ట్రైనర్ల ముందు అన్న మాట ముందుగా, ఒక్కసారే ఎత్తండి: "లోపల ఎంతైనా వాదించుకుందాం, వాళ్ల ముందు వద్దు. నాకు బాధేసింది." దాన్ని సాగదీయకండి. తర్వాత, లోటు పూడ్చడానికి 130 మంది కొత్తవాళ్లు కావాలన్న అంకె మీ నోటితో చెప్పకండి. "సగం చేస్తే ఎంతమంది వస్తారనుకుంటున్నావు, ఎన్ని నెలల్లో?" అని అతన్నే అడిగి కాగితం మీద రాయించండి. అప్పుడు లెక్క ఇద్దరూ కలిసి వేయండి. అతను 150 అని నమ్మకంగా చెబితే, మొదటి నెల ఆఫర్‌ను, పగటి సభ్యత్వాన్ని 60 రోజులు నడిపి చూద్దామనండి. ఎంతమంది చేరితే కొనసాగించాలి, ఎంతమందికి తగ్గితే ఆపాలి అన్నది మొదలుపెట్టక ముందే ఇద్దరూ సంతకం పెట్టి ఉంచుకోండి. ఆ ప్రయోగం నడిపే బాధ్యత అతనికే ఇవ్వండి. జనాన్ని పలకరించి లోపలికి తేవడం అతనికి వచ్చిన పని, మీకు రాదని మీరే రాశారు. మీవారిని తీర్పు చెప్పమని అడగకండి, ఆ గంటసేపు పక్కన కూర్చోమనండి చాలు.

అతను దేనికీ ఒప్పుకోకపోతే విడిపోవడం కూడా ఒక దారే, దాన్ని అవమానంగా చూడకండి. కానీ అందులో ఏముందో తెలుసుకుని దిగండి. అప్పు మీ పేరున ఉంది. జిమ్ అతనికి ఇచ్చేసినా బ్యాంకు అంగీకరించి పేరు మార్చేదాకా వాయిదాలకు జవాబు చెప్పాల్సింది మీరే. మీరు ఉంచుకుంటే, అతన్ని చూసి వచ్చే సభ్యులు, బహుశా ఒక ట్రైనర్, అతనితో వెళ్లిపోతారు. వాటా లెక్క కట్టేటప్పుడు మెషీన్లకు కొన్న ధర వేయకండి, ఇవాళ అమ్మితే వచ్చే ధర వేయండి. సభ్యులకు ఉన్న ఆ 54,000 బాకీని తప్పకుండా ఎదురు రాయండి, ఎందుకంటే జిమ్ ఎవరు తీసుకుంటే వాళ్లే దాన్ని తీర్చాలి. ఇది ఒక ఆడిటర్ చేత రాయించాల్సిన లెక్క. కుటుంబంలో నోటిమాటగా తేల్చుకుంటే రెండేళ్లకు మళ్లీ గొడవవుతుంది.

ఇవన్నీ తేలడానికి నెలలు పట్టవచ్చు. ఈలోగా బ్యాంకులో రెండో ఖాతా తెరవండి. ఇకమీదట అందే ప్రతి ఏడాది ఫీజులో ఒక నెల వాటా మామూలు ఖాతాలో ఉంచి, మిగతాది అందులో వేయండి. ప్రతి నెల ఒకటో తేదీన ఒక్కో సభ్యుడి నెల వాటా చొప్పున తీసి ఖర్చులకు వాడండి. లెక్కలు మీ చేతిలో ఉన్నవే కాబట్టి ఈ ఒక్క పనీ రేపే మొదలుపెట్టవచ్చు. ఏం చేస్తున్నారో మీ మరిదికి ముందే చెప్పి చేయండి.